అమెరికాలో అరెస్టయిన మనవారు ఏ జైలులో ఉన్నారో తెలుసుకోవడం

అరెస్టు చేసింది నగర పోలీసులే అయినా, చాలా రాష్ట్రాల్లో నిందితుణ్ణి తరలించేది కౌంటీ (మన జిల్లా లాంటిది) పోలీసు అధికారి అయిన షెరీఫ్ నడిపే కౌంటీ జైలుకే. కాబట్టి ముందుగా అరెస్టు జరిగిన చోటు ఏ కౌంటీ కిందికి వస్తుందో నిర్ధారించుకుని, ఆ షెరీఫ్ కార్యాలయపు అధికారిక వెబ్‌సైటులో ‘ఇన్‌మేట్ సెర్చ్’ లేదా ‘జైల్ రోస్టర్’ (జైల్లో ఉన్నవారి జాబితా) పేజీని తెరవాలి.

మన పేర్ల దగ్గరే వెతుకులాట ఎక్కువగా దారి తప్పుతుంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉన్నవారికి అమెరికా వీసాలో మొదటి పేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు అని అర్థం) అని పడుతుంది, జైలు రికార్డులోకీ అదే ఎక్కవచ్చు. అందువల్ల ఇంటిపేరును, పేరును తారుమారు చేసి కూడా చూడాలి. ‘వెంకట’ వంటి పేర్లు ఎందరికో ఉంటాయి గనుక పుట్టిన తేదీతో తప్పక సరిపోల్చుకోవాలి.

వేలిముద్రలు, ఫొటో తీసి జైలు నమోదు (బుకింగ్) ముగించడానికి కొన్ని గంటలు పట్టవచ్చు. అంతవరకు పేరు కనిపించకపోతే కంగారు పడకుండా జైలుకే ఫోన్ చేసి అడగండి. పేరు కనిపించగానే బుకింగ్ నంబరు, అభియోగాలు, బాండ్ (విడుదలకు ఇవ్వాల్సిన పూచీకత్తు) మొత్తం రాసుకోండి, న్యాయవాది మొదట అడిగేవి అవే. తర్వాతి వాయిదాల వివరాలు కోర్టు క్లర్కు రికార్డుల్లో దొరుకుతాయి.

ఇమిగ్రేషన్ అధికారులు పట్టుకున్నట్లయితే కౌంటీ జాబితాతో పాటు ఐసీఈ (అమెరికా ఇమిగ్రేషన్ అమలు సంస్థ) వారి ‘డిటైనీ లొకేటర్’ అనే ఆన్‌లైన్ వెతుకులాట పేజీలో ఏ-నంబరు (ఇమిగ్రేషన్ శాఖ విదేశీయులకు ఇచ్చే గుర్తింపు సంఖ్య), పుట్టిన దేశం ఇచ్చి వెతకాలి. బుకింగ్ అంటే ఆరోపణ నమోదు కావడమే, నేరం రుజువైనట్టు కాదు. బుకింగ్‌లో తీసిన ఫొటోను దయచేసి వాట్సాప్ గ్రూపుల్లో పంచకండి.