గాలంతో జిలేబి చేపను పట్టడం ఎలా?

సముద్రం ఒడ్డున గాలం వేసేవాళ్లకు బ్రీమ్ అనే చేప ఎలాగో, వరంగల్ చుట్టుపక్కల మనకు జిలేబి (తిలాపియా) అలాగ. దక్షిణాఫ్రికా వైపు జిలేబినే బ్రీమ్ అంటారు కూడా. ఈ ఆఫ్రికా చేప 1952లో మన దేశానికి వచ్చింది. ఇప్పుడు ఏ చెరువులో చూసినా ఇదే. కొత్తగా నేర్చుకునేవాళ్లు దీనితోనే మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం.

ముందుగా అనుమతి. చాలా చెరువుల్లో చేపల హక్కు ఆ ఊరి మత్స్య సహకార సంఘానిది. కట్ట మీద ఉన్నవాళ్లను "అన్నా, గాలం ఏసుకోవచ్చా?" అని అడిగాకే కూర్చోండి.

ఎనిమిది, పది అడుగుల వెదురు కట్టె, అంతే పొడవు సన్న తంగూసు (నైలాన్ దారం) చాలు. కొక్కెం మాత్రం చిన్నదే కావాలి. జిలేబి నోరు చిన్నది కాబట్టి పెద్ద కొక్కెం వేస్తే ఎరను కొరుక్కుతిని పోతుంది. కొక్కేనికి జానెడు పైన చిన్న సీసం గుండు, ఇంకా పైన బెండు కట్టండి.

ఎరకు తడి మట్టిలో దొరికే ఎర్రలే (వానపాములే) మేలు. లేదంటే బఠాణీ గింజంత గోధుమపిండి ముద్ద. ఎర్రను గుచ్చాక తోక కాస్త వేలాడనివ్వండి, ఆ కదలికకే చేప వస్తుంది.

తుంగ పక్కన, మూడు నాలుగు అడుగుల లోతులో వేయండి. ఎండాకాలం పొద్దున్నే, చలికాలం ఎండెక్కాక. ఒడ్డు నీళ్లలో పళ్లెమంత గుంటలు కనిపిస్తే అవి మగ జిలేబి తవ్విన గూళ్లు. ఆడది గుడ్లను నోట్లోనే పొదుగుతుంది, అన్నాళ్లూ మేత దాదాపు ముట్టదు.

ఇక అసలు పని. బెండు ముందు సన్నగా వణుకుతుంది. టెన్షన్‌లో లాగేయకండి, అది రుచి చూస్తోందంతే. కాసేపటికి బెండు పక్కకు జరిగి ఏటవాలుగా మునుగుతుంది. అప్పుడు మణికట్టుతో చిన్న గుంజు గుంజండి. చెయ్యంతా ఎత్తి లాగితే పెదవి చిరిగి చేప జారిపోతుంది.

పట్టుకునేటప్పుడు తల వైపు నుంచి తోక వైపు అరచేయి జరుపుతూ వీపు ముళ్లను అణచాలి. తోక వైపు నుంచి పట్టారంటే ముళ్లు సూదుల్లా దిగుతాయి. ప్రాణంతో ఉన్న జిలేబిని ఇంకో కుంటలో మాత్రం వదలకండి. తొందరగా పెరిగిపోయి అక్కడి చేపల మేత తినేస్తుంది.

ఇంటికొచ్చాక కడుపు లోపలి నల్ల పొరను గీకేసి, ఉప్పు, పసుపు రుద్ది కడగండి. బురద వాసన తగ్గుతుంది.