లోయర్ బౌండ్ల పరిశోధనలో విద్యార్థినికి గైడుగా ఉండటం ఎలా

గణన సంక్లిష్టతా సిద్ధాంతంలో, అంటే ఏ లెక్కకు కనీసం ఎంత శ్రమ తప్పదో తేల్చే రంగంలో, పరిశోధన చేస్తానని ఒక అమ్మాయి మీ దగ్గరికి వస్తే, ప్రోత్సాహక ఉపన్యాసం మానేసి కాగితం, పెన్సిలు చేతికివ్వండి. నేను మొదట ఇచ్చేది పారిటీ. కొన్ని బిట్లలో ఒకట్ల సంఖ్య బేసి అవునో కాదో తేల్చే సూత్రం రాయాలి. ‘మరియు’, ‘లేదా’, ‘కాదు’ తప్ప మరేదీ వాడకూడదు. చరరాశులు మొత్తం ఎన్నిసార్లు కనిపిస్తే సూత్రం అంత పెద్దది. రెండు బిట్లకు 4 చాలు, నాలుగింటికి 16. మరి మూడింటికి?

10తో తనే రాస్తుంది. ఆ తర్వాత 9తో కుదురుతుందేమోనని గంటల తరబడి కూర్చుంటుంది. కూర్చోనివ్వండి. ఎన్ బిట్లకు కనీసం ఎన్ వర్గం కావాలని ఖ్రాప్‌చెంకో 1971లో నిరూపించాడు. ఆ పద్ధతి మూడు బిట్ల దగ్గర 9 వరకే చెప్పగలదు. నిజమైన జవాబు 10. ఇంతలో చేయవచ్చని చూపడానికి ఒక్క సూత్రం చాలు. ఇంతకన్నా తక్కువలో ఎవరివల్లా కాదని, అంటే లోయర్ బౌండ్‌ను, చూపడానికే మా జీవితాలు సరిపోవడం లేదు.

తర్వాత ఇలాంటి నిరూపణలకున్న అడ్డంకుల గురించి చెప్పండి. చాలామంది గైడ్లు వీటిని తర్వాతెప్పుడో చూద్దామంటారు; నేను మొదట్లోనే చెబుతాను. ఒరాకిల్ అంటే కొన్ని ప్రశ్నలకు ఒక్క అడుగులో జవాబిచ్చే ఊహాయంత్రం. ఏ ఒరాకిల్‌ను జోడించినా చెల్లుబాటయ్యే వాదనలతో పి, ఎన్‌పి ప్రశ్న (త్వరగా సరిచూడగల జవాబును త్వరగా కనుక్కోనూ గలమా అనేది) తేలదని బేకర్, గిల్, సొలొవే 1975లో చూపారు. గట్టి సూడోరాండమ్ జనరేటర్లు (యాదృచ్ఛికంగా కనిపించే బిట్లను పుట్టించే పద్ధతులు) ఉన్న పక్షంలో ‘సహజ నిరూపణలు’ (చాలా ఫంక్షన్లకు ఉండే, సులువుగా పరీక్షించగల గుణం మీద ఆధారపడేవి) కూడా చాలవని ఆ తర్వాత రజ్‌బొరోవ్, రూడిచ్ తేల్చారు. ఇవి తెలియని విద్యార్థిని నెలల తరబడి అదే దారిలో తల బాదుకుని, లోపం తన బుర్రలోనే ఉందనుకుంటుంది. గదిలో తానొక్కతే ఆడపిల్ల అయితే ఆ అనుమానాన్ని బలపరిచేవాళ్లకు కొదవుండదు.

చర్చల్లో సుద్దముక్క ఆమె చేతిలోనే ఉండనివ్వండి. మధ్యలో ఎవరైనా “ఆమె చెప్పేదేమిటంటే...” అని అందుకుంటే, “ఆమెనే చెప్పనివ్వండి” అనండి. నవ్వుతూనే, కానీ ప్రతిసారీ. సెమినార్ ఏర్పాట్లు ఆమె మీదే పడకుండా వంతులవారీగా అందరూ చూడాలి.

అసలు చిక్కు పేర్ల దగ్గర వస్తుంది. మా రంగంలో సాధారణంగా రచయితల పేర్లు అక్షరక్రమంలో వేస్తారు. ప్రశ్నలూ జవాబులుగా సాగే ఇంటరాక్టివ్ నిరూపణలపై 1985 నాటి పత్రం మీద గోల్డ్‌వాసర్, మికాలి, రాకాఫ్ అని ఉంటుంది. ఎవరి వాటా ఎంతో ఆ వరుస చెప్పదు. పద్ధతి మంచిదే. అయితే పేరున్న ప్రొఫెసరు పక్కన కొత్త అమ్మాయి పేరు కనబడితే, ఆలోచన ఎవరిదని లోకం అనుకుంటుందో వేరే చెప్పాలా? అందుకే ఫలితం వచ్చిన వారమే ఎవరేం చేశారో రాసి పెట్టుకోండి. సిఫారసు లేఖలో “కష్టజీవి, అందరితో కలిసిపోతుంది” కొట్టేసి, “మూడో లెమ్మా (సహాయక ఫలితం) ఆమెది, నేను చెప్పిన దారి తప్పు అని చూపే ఉదాహరణా ఆమెదే” అని రాయండి. సదస్సులో ప్రసంగం ఆమెతోనే ఇప్పించండి.

పీసీపీ సిద్ధాంతం (తగిన రూపంలో రాసిన నిరూపణను యాదృచ్ఛికంగా కొన్ని బిట్లే చూసి సరిచూడవచ్చనేది) దాకా వచ్చాక ఇరిట్ డినూర్ నిరూపణ చదివించండి. 1992 నాటి నిరూపణ నిండా బీజగణితమే. డినూర్ 2006లో గ్రాఫులతో, అంతరాన్ని, అంటే షరతులన్నీ తీరే సందర్భానికీ తీరని సందర్భానికీ మధ్య తేడాను, విడతలవారీగా పెంచుకుంటూ వెళ్లింది. “చూశావా, ఆడవాళ్లు కూడా చేయగలరు” అని మాత్రం అనకండి. గ్రాఫు ఘాతాన్ని తీసుకునే (కొద్ది అడుగుల దూరంలోని బిందువులను నేరుగా కలిపే) మెట్టు కష్టం, అక్కడ తొందరపెట్టకండి.