చదువుతూ పని చేస్తున్న పిల్లాడి కాలేజీ ఫీజు మన టాక్స్‌లో ఎలా చూపించాలి

ఏటా ఫిబ్రవరి జీతం బిల్లు దగ్గరపడేసరికి మా శ్రీకాకుళంలో ఏ స్టాఫ్ రూమ్‌కి వెళ్లినా ఇదే మాట. "మాస్టారూ, మావాడు చదువుతూనే పని కూడా చేస్తున్నాడు కదా, వాడి ఫీజు ఇంకా నా లెక్కలో పెట్టుకోవచ్చా?"

పెట్టుకోవచ్చు. పిల్లల ట్యూషన్ ఫీజుకి మినహాయింపు ఇచ్చేది ఆదాయపు పన్ను చట్టంలోని 80సీ సెక్షన్, అందులో పిల్లలకి సంపాదన ఉండకూడదనే షరతు ఎక్కడా లేదు. ఫీజు మీరు కట్టారా, కోర్సు ఫుల్‌టైమా, కాలేజీ మన దేశంలోనే ఉందా, ఇద్దరు పిల్లల వరకేనా, ఇవే చూస్తారు.

మా ఇంట్లో పొరపాటు జరిగింది ఇక్కడే. మా గుంటడు విశాఖలో ఇంజినీరింగ్ చదువుతూ సాయంత్రాలు ఒక ఆఫీసులో పని చేసేవాడు. రెండో ఏడాది "ఈసారి ఫీజు నేనే కడతాను నాన్నా" అని తన అకౌంట్ నుంచే కట్టేశాడు. నాకు చాలా సంతోషమేసింది, కానీ ఆ ఏడాది ఆ ఫీజు మీద మినహాయింపు మా ఇద్దరిలో ఎవరికీ రాలేదు. డబ్బు నేను కట్టలేదు కాబట్టి నాకు రాదు. 80సీలో ట్యూషన్ ఫీజు అనేది పిల్లల కోసం కట్టినదానికే తప్ప, సొంత చదువుకి కట్టుకున్నదానికి వర్తించదు కాబట్టి వాడికీ రాదు. మరుసటి ఏడాది నుంచి పద్ధతి మార్చాం. ఫీజు నా అకౌంట్ నుంచి కడుతున్నాను, వాడి సంపాదన హాస్టల్‌కి, మెస్‌కి, బస్సు చార్జీలకి పోతోంది. ఆ ఖర్చులకి ఎలాగూ 80సీలో చోటు లేదు.

రసీదులు వెతికే ముందు అసలు మీకు ఇది పనికొస్తుందో లేదో చూసుకోండి, ఎందుకంటే మనం ఎంచుకునే రెండు పన్ను విధానాల్లో ఈ మినహాయింపులన్నీ పాతదాంట్లోనే ఉన్నాయి. 2025-26 ఆదాయానికి కొత్త విధానంలో 12 లక్షల 75 వేల వరకు జీతం ఉన్నవాళ్లకి పన్నే పడదు, వాళ్లు ఈ టెన్షన్ పెట్టుకోనక్కర్లేదు. 14 లక్షల జీతం అనుకుందాం. కొత్తదాంట్లో సెస్సుతో కలిపి 81,900 పడుతుంది. పాతదాంట్లో అంతకన్నా తగ్గాలంటే జీతగాళ్లకి నేరుగా తగ్గించే 50 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోను ఇంకో 5 లక్షల 20 వేల దాకా మినహాయింపులు చూపించాలి. ఒక్క కాలేజీ ఫీజుతో అక్కడికి చేరలేం. ఇంటి లోన్ వడ్డీ, ఇంటి అద్దె, చదువు లోన్ వడ్డీ లాంటివి తోడైతేనే లెక్క కలుస్తుంది.

ఇంకో సంగతి, 80సీ మొత్తం పరిమితి లక్షా యాభై వేలు. మన ప్రభుత్వ ఉద్యోగులకి జీపీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్), ఏపీజీఎల్ఐ (రాష్ట్ర ప్రభుత్వ జీవిత బీమా), ఇంటి లోన్ అసలుతోనే అది నిండిపోతుంది. నిండిపోయాక ఫీజు రసీదు ఎంత పెద్దదైనా రూపాయి తగ్గదు. అలాంటప్పుడు భార్య కూడా ఉద్యోగం చేస్తూ, ఆమె 80సీలో ఖాళీ ఉంటే, ఫీజు ఆమె అకౌంట్ నుంచి కట్టడం మంచిది. ఇద్దరి పరిమితులూ వేరువేరు.

రసీదు తీసుకునేటప్పుడు కౌంటర్ దగ్గరే ఒక్క నిమిషం ఆగి చూడండి. ట్యూషన్ ఫీజు విడిగా రాసి ఉండాలి. డెవలప్‌మెంట్ ఫీజు, డొనేషన్, హాస్టల్, బస్సు, ఇవేవీ లెక్కలోకి రావు. మావాడి కాలేజీ మొదటి ఏడాది అంతా కలిపి ఒకే అంకె వేసిచ్చింది, విడగొట్టి రాయించుకోవడానికి విశాఖకి రెండుసార్లు తిరగాల్సి వచ్చింది. తేదీ కూడా ముఖ్యం. ఏ సెమిస్టర్‌ది అని కాదు, ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 లోపు కట్టింది ఆ ఏడాది లెక్కలోకే వస్తుంది.

చదువు కోసం బ్యాంకు లోన్ తీసుకుంటే 80ఈ సెక్షన్ ఉంది, నా దృష్టిలో అసలు మేలు దీంతోనే. కట్టిన వడ్డీ ఎంతైతే అంతా తగ్గించుకోవచ్చు, దీనికి పరిమితి లేదు, అమెరికా చదువైనా సరే. వడ్డీ కట్టడం మొదలైన ఏడాదితో కలిపి 8 ఏళ్లు. అసలుకి రాదు, బంధువుల దగ్గర తెచ్చిన చేబదులుకీ రాదు. లోన్ మీ పేరున ఉండి వడ్డీ మీరు కడితే మీకు వస్తుంది. పిల్లాడి పేరున ఉండి వాడే కడుతుంటే వాడికి వస్తుంది, ఇందులో సొంత చదువుకీ వర్తిస్తుంది. అందుకే లోన్ సంతకాల రోజునే ఎవరి పేరున తీసుకోవాలో ఇంట్లో మాట్లాడుకోండి. ఏటా బ్యాంకు నుంచి వడ్డీ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి, రిటర్న్‌లో లోన్ నంబరు, మంజూరైన తేదీ కూడా అడుగుతున్నారు.

2025-26కి ఆఫీసులో ఇవన్నీ 12బీబీ అనే మినహాయింపుల ఫారంతో ఇవ్వాల్సి ఉండేది. ఇవ్వడం మర్చిపోయినా భయం లేదు, రిటర్న్‌లో నేరుగా చూపించవచ్చు. జీతం మాత్రమే ఉన్నవాళ్లు పాత విధానం అక్కడే ఎంచుకోవచ్చు, కానీ గడువు లోపే వేయాలి, దాటితే కొత్త విధానమే గతి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి 80సీ కాస్తా 123వ సెక్షన్ అయింది, అయినా 2025-26 రిటర్న్‌కి పాత నంబర్లే.

ఇక పిల్లాడి సంగతి. 18 దాటితే వాడి సంపాదన మీ ఆదాయంలో కలవదు, వాడికి సొంత పాన్ తీయించండి. పాన్ ఇవ్వకపోతే టీడీఎస్ (డబ్బు ఇచ్చేవాళ్లు ముందే పట్టుకునే పన్ను) కోయాల్సిన చోట 20 శాతం దాకా కోస్తారు. ఆదాయపు పన్ను పోర్టల్‌లో వాడి పేరున కోసిన పన్ను చూపించే 26ఏఎస్ తెరిచి ఏమైనా కోశారేమో చూడండి. ఆదాయం పన్ను పడే స్థాయిలో లేకపోయినా, కోసిన డబ్బు వెనక్కి రావాలంటే రిటర్న్ వేయాల్సిందే. వేశాక 30 రోజుల్లోపు ఈ-వెరిఫై చేయించండి, బ్యాంకు అకౌంట్ పోర్టల్‌లో వాలిడేట్ అయి ఉండాలి. మావాడిది అలాగే వచ్చింది, ఆ డబ్బుతో పరీక్ష ఫీజు కట్టుకున్నాడు.