ఎయిర్ టాక్సీలు దిగకముందే ఊళ్లో చేయాల్సిన పని

ముందు ఎయిర్ టాక్సీల, అంటే జనాన్ని ఎక్కించుకుని తిరిగే చిన్న బ్యాటరీ విమానాల, మోత సంగతి తేల్చండి, జనం మొదట అడిగేది అదే. సర్వీసు మొదలవకముందే కనీసం వారం పాటు, పగలూ రాత్రీ, ఇళ్ల దగ్గర డెసిబెల్ మీటర్ పెట్టి ఇప్పుడున్న చప్పుడు రాసుకోండి. సగటు ఒక్కటే చూస్తే మోసపోతారు: రోజంతటి లెక్కలో ఒక్కో టేకాఫ్ మోత కరిగిపోతుంది, నిద్ర చెడగొట్టేది మాత్రం అదే. గరిష్ఠ స్థాయి, గంటకు ఎన్నిసార్లన్నదీ రాయండి. ఎయిర్ టాక్సీలు తయారుచేసే అమెరికా కంపెనీ జోబీ 2022లో వెల్లడించిన లెక్క ప్రకారం, దాని విమానం 500 మీటర్ల ఎత్తున వెళ్తుంటే నమోదైంది 45.2 డెసిబెల్స్; దిగేచోటి పక్కింటివాళ్లకు ఈ అంకెతో ఒరిగేదేమీ లేదు. వాళ్లను రూటు గీయకముందే పిలవండి. గీశాక పిలిస్తే సంతకాలకు పిలిచినట్టే.

ఫైర్ సిబ్బందికి లిథియం బ్యాటరీ మంటలపై తర్ఫీదు ఇప్పించండి. ఆరినట్టే ఉండి, గంటల తర్వాత మళ్లీ అంటుకుంటాయి. ధారాళంగా నీళ్లు, కాలిన బ్యాటరీని విడిగా ఉంచేందుకు ఖాళీ జాగా ఉండాలి.