లెక్కల టీచర్ల కాన్ఫరెన్సుకు వెళ్తున్నారా? మీ క్లాసులో తేలని ప్రశ్న ఒకటి పట్టుకెళ్ళండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు బడుల్లో లెక్కలు చెప్పేవాళ్ళం ట్రైనింగులకి బాగానే వెళ్తాం, ఆర్డరు వస్తే వెళ్ళక తప్పదు కాబట్టి. కాన్ఫరెన్సు సంగతి వేరు. ఎవరూ పిలవరు, మన పేరు మనమే ఇచ్చుకోవాలి, చాలాసార్లు ఖర్చులు కూడా మన జేబులోంచే. అయినా వెళ్ళమనే చెబుతాను. మన హైస్కూళ్ళలో లెక్కల టీచరు ఒక్కరో ఇద్దరో ఉంటారు, మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకవుతుంది మాస్టారూ అని ఏడో తరగతి పిల్ల అడిగితే మనం చెప్పిన జవాబు ఆ పిల్లకి నిజంగా ఎక్కిందా, ఇంకోలా చెప్పి ఉంటే బాగుండేదా అని మాట్లాడుకోవడానికి పక్కన మనిషి ఉండరు. అక్కడ అదే ప్రశ్నతో కుస్తీ పట్టినవాళ్ళు గదినిండా దొరుకుతారు.

ముందు ఏ కాన్ఫరెన్సో చూసుకోండి. టీచర్లకి బాగా పనికొచ్చేది అసోసియేషన్ ఆఫ్ మ్యాథమెటిక్స్ టీచర్స్ ఆఫ్ ఇండియా, అంటే ఏఎంటీఐ, జరిపే సదస్సు. 1965లో మొదలైన సంస్థ, ఆఫీసు చెన్నైలో. పిల్లలకి ఎన్‌ఎంటీసీ టాలెంట్ పరీక్ష పెట్టేది కూడా వీళ్ళే. ముంబయిలోని హోమీ భాభా సైన్స్ ఎడ్యుకేషన్ సెంటర్ నడిపే ఎపిస్టీమ్ అనే కాన్ఫరెన్సు పరిశోధన వైపు ఎక్కువ మొగ్గుతుంది, పీహెచ్‌డీ ఆలోచన ఉన్నవాళ్ళు దాని మీద కన్నేసి ఉంచండి. మొదటిసారే అంత దూరం ఎందుకు అనుకుంటే, రామానుజన్ పుట్టినరోజు డిసెంబరు 22 జాతీయ గణిత దినోత్సవం కదా, ఆ చుట్టుపక్కల రోజుల్లో కాలేజీలు, యూనివర్సిటీలు సెమినార్లు పెడుతుంటాయి, ఎచ్చెర్లలోనూ విజయనగరంలోనూ మనకి యూనివర్సిటీలున్నాయి, అక్కడ పనిచేసే తెలిసినవాళ్ళని ముందే అడిగి పెట్టుకోండి.

పర్మిషన్ దగ్గర చాలామంది ఆగిపోతారు. బ్రోచరు, అక్కడ చెప్పడానికి మీరు పంపిన పేపరు తీసుకుంటే ఆ అంగీకారపత్రం, మీరు లేని రోజుల్లో ఏ పీరియడు ఎవరు చూస్తారో రాసిన కాగితం, ఈ మూడూ జతచేసి హెచ్‌ఎం ద్వారా ఓడీకి, అంటే ఆన్ డ్యూటీకి, పెట్టుకోండి. మూడోది ఉంటే హెచ్‌ఎం గారికి సగం బెంగ తీరిపోతుంది, ముఖ్యంగా పదో తరగతి మీదైతే. ఓడీ రాకపోతే సీఎల్ పెట్టుకుని వెళ్ళండి. టికెట్ల సంగతి కూడా అప్పుడే చూసుకోండి, 2024 నవంబరు నుంచి రైలు రిజర్వేషను 60 రోజుల ముందే తెరుస్తున్నారు, డిసెంబరు చివర, సంక్రాంతి ముందు బెర్తులు నిలవవు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో కాబట్టి తెల్లవారుజాము బండి అయితే అక్కడిదాకా వెళ్ళే ఏర్పాటు కూడా రాత్రే చూసుకోవాలి. వసతి హాస్టల్ గదుల్లో ఇచ్చే అవకాశం ఎక్కువ, ఓ దుప్పటి, తాళంకప్ప వేసుకోండి.

ఇక అసలు విషయం, పేపరు. ఊరికే విని రావడానికి వెళ్ళకండి, చిన్నదైనా ఒకటి చెప్పండి, చెప్పినవాళ్ళ దగ్గరికే టీ సమయంలో జనం వచ్చి మాట్లాడతారు. మనకేం తెలుసని చెప్పాలి అనుకుంటారేమో, మన జిల్లాల్లోనే బోలెడంత సరుకుంది. అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడినే తీసుకోండి. మార్చి 9, 10 తేదీల్లోనూ, మళ్ళీ అక్టోబరు 1, 2 తేదీల్లోనూ ఉదయపు కిరణాలు అనివెట్టి మండపం దాటి స్వామి పాదాల మీద పడతాయని మన పిల్లలందరికీ తెలుసు. ఏడాదికి రెండుసార్లే ఎందుకు, అదీ ఆ తేదీల్లోనే ఎందుకు అని అడిగి చూడండి. సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది మార్చి 20, సెప్టెంబరు 23 ప్రాంతంలో. మొదటిదానికి పదిరోజుల ముందు, రెండోదానికి వారం పదిరోజుల తర్వాత సూర్యుడు తూర్పుకి దాదాపు ఒకే మేర, సుమారు 4 డిగ్రీలు, దక్షిణంగా ఉదయిస్తాడు. స్కూలు గ్రౌండులో ఒక కర్ర పాతి, సూర్యోదయం వేళ నీడ పడే దిక్కుని వారం వారం ముగ్గుతో గీయించి, ఆ కోణాలు గ్రాఫులో పెట్టిస్తే ఆ రెండు తేదీలూ ఒకే ఎత్తులో కనిపిస్తాయి. బొబ్బిలి వీణ మెట్ల మధ్య దూరాలు కొలిపించి గుణశ్రేఢి దగ్గరికి తీసుకెళ్ళడం ఇలాంటిదే ఇంకొకటి.

అయితే అబ్‌స్ట్రాక్టులో, అంటే ముందుగా పంపే పేపరు సారాంశంలో, గుడి గొప్పతనం రాయకండి. పిల్లలు ఏం కొలిచారు, ఎక్కడ తప్పారు, ఏ ప్రశ్న వేశారు, మీరు దానికి పాఠం ఎలా మార్చారు, ఇదీ రాయాల్సింది. రెండువందల మాటలు చాలు. నిజంగా క్లాసులో చేసిందే రాయండి, చెయ్యనిది రాస్తే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

ఇంగ్లీషులో చెప్పాలంటే టెన్షన్ అంటారు చాలామంది, ముఖ్యంగా తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్ళం. ఎదురుగా కూర్చున్నవాళ్ళూ టీచర్లే అని గుర్తుపెట్టుకుని చిన్న చిన్న వాక్యాల్లో చెప్పండి, మాట తట్టకపోతే బోర్డు మీద బొమ్మ గీయండి, లెక్క అందరికీ అర్థమవుతుంది. వెళ్ళేముందు స్టాఫ్‌రూములో వాచీ పెట్టుకుని ఒకసారి చెప్పి చూసుకోండి. పీపీటీలో తెలుగు ఉంటే పీడీఎఫ్ కూడా పెన్‌డ్రైవులో వేసుకోండి, అను ఫాంట్లలో టైపు చేసింది అక్కడి కంప్యూటరులో తెరిస్తే పిచ్చి గీతలుగా వస్తుంది.

ఒకేసారి నాలుగు గదుల్లో సెషన్లు నడుస్తుంటే ఉపన్యాసం కన్నా వర్క్‌షాపుకే నా ఓటు. కాగితం మడతలనే చూడండి. త్రిభుజం కత్తిరించి, పై కొనని భూమి, అంటే కింది భుజం, మీద లంబం పడేచోటికి మడిచి, మిగతా రెండు కొనల్నీ అక్కడికే మడిస్తే మూడు కోణాలూ కలిసి సరళకోణం అవుతుంది. ఇది మనకి తెలిసిందే. మంచి రిసోర్సు పర్సన్ అక్కడితో ఆగరు, అధికకోణ త్రిభుజం ఇచ్చి, చిన్న భుజాన్ని భూమిగా పెట్టి మడవమంటారు. లంబం బయట పడుతుంది, మడత కుదరదు. అందరూ కాగితం తిప్పి తిప్పి చూసి, పొడవైన భుజాన్ని భూమిగా తీసుకోవాలని కనిపెడతారు. తర్వాత ఇది నిరూపణా, పరిశీలనా అని వాదన మొదలవుతుంది. మీరు రాసుకోవాల్సింది ఆ ప్రశ్నల వరస. మడత యూట్యూబులో కూడా దొరుకుతుంది, ఏ ప్రశ్న తర్వాత ఏది అడిగారో, ఎంతసేపు మౌనంగా ఉండనిచ్చారో అక్కడ కూర్చుంటేనే తెలుస్తుంది. నోట్సులో ఏ తరగతి, ఏ పాఠం అని పక్కనే రాయండి, ఇంటికొచ్చాక వెతుక్కోనక్కర్లేదు.

మీరు పట్టుకెళ్ళిన ప్రశ్న ఉంది కదా, దాన్ని భోజనాల దగ్గర కనీసం ముగ్గుర్ని అడగండి. వేరే రాష్ట్రాల వాళ్ళనైతే మరీ మంచిది, వాళ్ళ పాఠ్యపుస్తకం అదే విషయాన్ని ఇంకో దారిలో చెప్పి ఉండొచ్చు. నచ్చినవాళ్ళ నంబరు తీసుకుని, ఏ విషయం మాట్లాడుకున్నారో ఆ పేరుతోనే సేవ్ చేసుకోండి.

తిరిగొచ్చిన వారంలోనే ఒక్క పనైనా క్లాసులో చేయించండి, నెల దాటితే సిలబస్ మింగేస్తుంది. ఆ తర్వాత వచ్చే స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో, చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసేచోట, ఇరవై నిమిషాలు అడిగి తీసుకోండి. రిపోర్టు చదవొద్దు, తలా ఒక కాగితం త్రిభుజం చేతికిచ్చి, అందులో కొన్ని అధికకోణానివి కలిపి, మడవమనండి.