చెన్నైలో స్టీమ్‌ డెక్‌: ఏం మార్చుకోవాలి, ఎక్కడ మార్చుకోవాలి

స్టీమ్‌ డెక్‌ అంటే వాల్వ్‌ కంపెనీ చేసిన, చేతిలో పట్టుకుని పీసీ గేములు ఆడుకునే చిన్న కంప్యూటర్‌. అందులో మీరు చేసే ప్రతి మార్పూ రెండు చోట్లలో ఒకచోట పడుతుంది. ఒకటి హోమ్‌. గేములు, సేవ్‌లు, డిస్కవర్‌ (అందులోని యాప్‌ స్టోర్‌) నుంచి వేసుకున్న యాప్‌లు, ఫాంట్లు, ప్లగిన్లు అన్నీ ఉండేది అక్కడే. రెండోది రూట్‌, అంటే డెక్‌ను నడిపే స్టీమ్‌ఓఎస్‌ ఉండే భాగం. స్టీమ్‌ఓఎస్‌ 3ను ఆర్చ్‌ లినక్స్‌ మీద కట్టారు కానీ రూట్‌ను మాత్రం రాయడానికి వీల్లేకుండా తాళం వేసి ఇచ్చారు. అప్‌డేట్‌ వచ్చిందంటే రూట్‌ మొత్తం పోయి దాని స్థానంలో కొత్తది వచ్చి కూర్చుంటుంది. హోమ్‌ జోలికి మాత్రం పోదు. కొందరు తాళం తీసేసి, ఆర్చ్‌ ప్యాకేజీ సాధనమైన ప్యాక్‌మ్యాన్‌తో ప్యాకేజీలు వేసుకుని, తర్వాతి అప్‌డేట్‌కు అవన్నీ మాయమయ్యాక తల పట్టుకుంటారు. మీదనుకున్నదంతా హోమ్‌లోనే పెట్టుకోండి. ఈ గైడ్‌ అంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

ఇంకో మాట ముందే చెప్పుకోవాలి. వాల్వ్‌ ఈ పరికరాన్ని మన దేశంలో నేరుగా అమ్మడం లేదు. చెన్నైలో దొరికేవన్నీ దిగుమతిదారుల ద్వారా వచ్చినవో, అమెరికా నుంచి బంధువులు తెచ్చినవో. ఇక్కడ కంపెనీ వారంటీ నడవదనుకునే స్క్రూ మీద చేయి వేయండి.

ఛార్జర్‌, కార్డు

డెక్‌తో వచ్చే ఛార్జర్‌ 45 వాట్లది. 15 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు ఇస్తుంది. అమెరికా మోడల్‌ పిన్నులు మన సాకెట్‌లో నిలవవు, కన్వర్టర్‌ పెడితే వదులుగా ఊగుతూ మధ్యమధ్యలో ఛార్జింగ్‌ ఆగిపోతుంది. మన పిన్నులున్న 45 వాట్లో 65 వాట్లో పీడీ (యూఎస్‌బీ పవర్‌ డెలివరీ) ఛార్జర్‌ ఒకటి కొనుక్కోవడం మేలు. ఫోన్‌తో వచ్చిన 67 వాట్ల, 80 వాట్ల ఇటుక ఉంది కదా అని పెడితే, స్క్రీన్‌ మీద ఛార్జర్‌ నెమ్మదిగా ఉందన్న హెచ్చరిక రావచ్చు. చాలా ఫోన్‌ కంపెనీల ఫాస్ట్‌ ఛార్జింగ్‌ వాళ్ల సొంత పద్ధతిలో నడుస్తుంది. డెక్‌ అడిగే 15 వోల్టుల పీడీ అందులో లేకపోతే అంతకన్నా తక్కువ వోల్టులకు పడిపోతుంది. కొనేముందు ఛార్జర్‌ మీది చిన్న అక్షరాల్లో 15 వోల్టులు, 3 ఆంపియర్లు అన్న వరుస ఉందో లేదో చూడండి. వాట్ల అంకె ఎంత పెద్దదైనా ఆ వరుస లేకపోతే డెక్‌కు సరిపోదు.

మైక్రోఎస్‌డీ స్లాట్‌ యూహెచ్‌ఎస్‌-1 రకం. దాని పరిమితి సెకనుకు 104 ఎంబీ. అంతకన్నా వేగం రాసి ఉన్న ఖరీదైన కార్డుకు డబ్బు పోయకండి, ఆ మిగిలిన డబ్బుతో ఇంకా పెద్ద కార్డు వస్తుంది. నకిలీ కార్డుల బెడద మాత్రం నిజమైనదే. 512 జీబీ అని చూపించే కార్డులో లోపల 32 జీబీయే ఉండొచ్చు. మొదటి 32 జీబీ బాగానే పడుతుంది, ఆ తర్వాత రాసిందంతా గాల్లో కలుస్తుంది. గేమ్‌ డౌన్‌లోడ్‌ పూర్తయ్యాక డిస్క్‌ రైట్‌ ఎర్రర్‌ పదేపదే వస్తే అనుమానించాల్సింది ముందు కార్డునే. చెన్నై ఎలక్ట్రానిక్స్‌ బజారైన రిచీ స్ట్రీట్‌లో కొంటే బిల్లు అడిగి తీసుకోండి. ఇంటికి రాగానే విండోస్‌లో హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అన్న కార్డు పరీక్ష ప్రోగ్రామ్‌తో గానీ, లినక్స్‌లో ఎఫ్‌3తో గానీ కార్డు నిండా రాయించి, తిరిగి చదివించండి. పెద్ద కార్డుకు గంటలు పడుతుంది, పట్టనివ్వండి. పాసైతే డెక్‌లో పెట్టి సెట్టింగ్స్‌, స్టోరేజ్‌లోకి వెళ్లి ఫార్మాట్‌ చేయండి. లినక్స్‌ వాడే ఈఎక్స్‌టీ4 ఫార్మాట్‌లోకి మారుతుంది కాబట్టి ఆ తర్వాత విండోస్‌లో ఆ కార్డు కనబడదు, పాడైందని కంగారుపడకండి.

64 జీబీ మోడల్‌ ఉన్నవాళ్లకు ఇంకో చిక్కుంది. గేమ్‌ కార్డు మీద ఉన్నా దాని షేడర్‌ కాష్‌ (ముందే సిద్ధం చేసుకున్న గ్రాఫిక్స్‌ ఫైళ్లు), కంపాట్‌డేటా (విండోస్‌ గేమ్‌ నడవడానికి కావాల్సిన ఫోల్డర్‌) లోపలి స్టోరేజ్‌లోనే పేరుకుంటాయి. స్టోరేజ్‌ పేజీలో ‘అదర్‌’ అన్న ముక్క ఉబ్బడానికి కారణం ఇదే. షేడర్‌ కాష్‌ చెరిపితే నష్టం లేదు, మళ్లీ తయారవుతుంది. కంపాట్‌డేటాను మాత్రం కళ్లు మూసుకుని చెరపకూడదు. స్టీమ్‌ క్లౌడ్‌ లేని గేముల సేవ్‌లు అందులోనే ఉంటాయి.

40 ఫ్రేములు, తక్కువ వాట్లు

పరికరం తీరు నిజంగా మారేది ఇక్కడే. ప్లగిన్లు, థీములు ఆ తర్వాతి మాట.

గేమ్‌ ఆడుతూ కుడివైపు మూడు చుక్కల బటన్‌ నొక్కి, బ్యాటరీ బొమ్మ ఉన్న పేజీకి వెళ్లండి. అక్కడ మొట్టమొదట ‘పర్‌-గేమ్‌ ప్రొఫైల్‌’ ఆన్‌ చేయండి. ఇది మరిచిపోతే ఒక గేమ్‌కు పెట్టిన వాట్ల పరిమితి అన్ని గేములకూ అంటుకుంటుంది. నిన్నటిదాకా బాగా ఆడిన గేమ్‌ ఇవాళ నత్తనడక నడుస్తోందంటే, చాలాసార్లు కారణం ఆ మరిచిపోయిన స్విచ్చే.

తర్వాత ఫ్రేమ్‌ లిమిట్‌ 40 పెట్టండి. 60 దగ్గర ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు, 30 దగ్గర 33.3. సరిగ్గా మధ్యలో ఉండేది 25 మిల్లీసెకన్లు, అంటే 40 ఫ్రేములు. 30కి పది ఫ్రేములే కలిపినా, చేతికి తెలిసే ఆలస్యంలో 60 వైపు సగం దూరం వచ్చేసినట్టే. ఎల్‌సీడీ మోడల్‌ తెర 40 హెర్ట్జ్‌ దాకా దిగుతుంది, ఓఎల్‌ఈడీ అయితే 80 దగ్గర నిలబడి ఒక్కో ఫ్రేమును రెండుసార్లు చూపిస్తుంది. రెండింట్లోనూ కదలిక తడబాటు లేకుండా ఉంటుంది.

ఇప్పుడు తెర మీద ఫ్రేములు, వాట్లు చూపించే పెర్ఫార్మెన్స్‌ ఓవర్‌లేను 3కో 4కో పెంచి, గేమ్‌లో జనం, పొగ, చెట్లు ఎక్కువగా ఉన్న చోటికి వెళ్లి నిలబడండి. టీడీపీ లిమిట్‌ను, అంటే చిప్‌ లాగే వాట్ల పరిమితిని, 15 నుంచి ఒక్కో వాటే తగ్గిస్తూ రండి. ఫ్రేములు 40 కిందికి జారిన చోట ఆగి, ఒక వాటు పైకి జరపండి. ఆ గేమ్‌కు అదే మీ అంకె. చిన్న టూడీ గేములు నాలుగైదు వాట్లతోనే హాయిగా ఆడతాయి.

ఓవర్‌లేలో బ్యాటరీ పక్కన కనిపించే వాట్లు మొత్తం పరికరం లాగుతున్నవి. ఎల్‌సీడీ బ్యాటరీ 40 వాట్‌అవర్లు, ఓఎల్‌ఈడీది 50. ఈ బ్యాటరీ అంకెను ఓవర్‌లే చూపించే వాట్లతో భాగిస్తే ఎన్ని గంటలో తేలిపోతుంది. 20 వాట్లు లాగితే ఎల్‌సీడీ రెండు గంటల్లో ఖాళీ, 10 వాట్లకు దించితే నాలుగు గంటలు. సంక్రాంతికి సెంట్రల్‌లో పగటి రైలెక్కి విజయవాడ వెళ్లేవాళ్లకు ఆరేడు గంటల ప్రయాణం. పవర్‌బ్యాంక్‌ లెక్క కూడా ఇంతే: 20,000 ఎంఏహెచ్‌ను 3.7 వోల్టులతో గుణిస్తే 74 వాట్‌అవర్లు, మార్పిడిలో పోయేది పోగా చేతికి 60 దాకా వస్తాయి. ఎల్‌సీడీకి ఒకటిన్నర ఛార్జీ. అది కూడా పీడీలో 15 వోల్టులు ఇచ్చే పవర్‌బ్యాంక్‌ అయితేనే.

రైలెక్కే ముందు రోజు ఆడాలనుకున్న ప్రతి గేమునూ ఇంట్లో వైఫై ఉండగానే ఒకసారి తెరిచి, మెనూ దాకా వెళ్లి మూయండి. మొదటిసారి తెరిచినప్పుడు జరిగే సెటప్‌కు నెట్‌ కావాలి. గూడూరు దాటాక సిగ్నల్‌ లేనిచోట అది కుదరదు. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో ఆఫ్‌లైన్‌ మోడ్‌ పెట్టుకోండి.

మే నెల ఎండ

డెక్‌ బాగా పనిచేసేది చుట్టూ గాలి 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉన్నప్పుడని వాల్వ్‌ చెప్పింది. అగ్ని నక్షత్రం రోజుల్లో చెన్నైలో ఏసీ లేని గది ఆ గీత దాటేస్తుంది. దాటితే చిప్‌ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, ఫ్రేములు ఉన్నట్టుండి పడతాయి. గాలి వెనక నుంచి లోపలికి వెళ్లి పై అంచు నుంచి బయటికి వస్తుంది. దిండు మీద, దుప్పటి మీద పెట్టి ఆడితే వెనక దారి మూసుకుపోతుంది. మందపాటి రబ్బరు కవర్లలో కొన్ని కూడా ఇదే పని చేస్తాయి, వెనక జాలీ పూర్తిగా తెరిచి ఉందో లేదో చూసి కొనండి. ఎండాకాలానికి టీడీపీ 9, 10 వాట్ల దగ్గర కట్టేయండి. ఛార్జింగ్‌ పెట్టి ఆడటం తగ్గించండి, ఛార్జయ్యే బ్యాటరీ కూడా వేడెక్కుతుంది కాబట్టి రెండు వేడులూ కలుస్తాయి.

డెస్క్‌టాప్‌ మోడ్‌లో

పవర్‌ బటన్‌ కాసేపు నొక్కి పట్టుకుంటే ‘స్విచ్‌ టు డెస్క్‌టాప్‌’ వస్తుంది. లోపల ఉండేది కేడీఈ ప్లాస్మా అనే మామూలు లినక్స్‌ డెస్క్‌టాప్‌. యాప్‌లు డిస్కవర్‌ నుంచే వేసుకోండి. అవి ఫ్లాట్‌ప్యాక్‌లు, అంటే రూట్‌తో పనిలేని యాప్‌ ప్యాకేజీలు, అప్‌డేట్‌ వాటిని ముట్టుకోదు.

విండోస్‌ గేములను లినక్స్‌ మీద నడిపేది ప్రోటాన్‌. దాని వేరే రకాలను దించే యాప్‌ ప్రోటాన్‌అప్‌-క్యూటీ, ముందుగా కావాల్సింది అదే. కొన్ని గేముల్లో మొదటి వీడియో బదులు రంగుల చారల బొమ్మ వచ్చి ఆగిపోతుంది. అలాంటప్పుడు దీంతో జీఈ-ప్రోటాన్‌ దించి, స్టీమ్‌ను ఒకసారి మూసి తెరిచి, ఆ గేమ్‌ ప్రాపర్టీస్‌లోని కంపాటిబిలిటీలో దాన్ని ఎంచుకోండి. అన్ని గేములకూ అదే పెట్టేయకండి, మామూలు ప్రోటాన్‌తో నడిచేదాన్ని అలాగే ఉంచండి. ఎపిక్‌, గాగ్‌ గేములకు హీరోయిక్‌ లాంచర్‌ చాలు. వాలరెంట్‌, ఫోర్ట్‌నైట్‌ మాత్రం ఏ ప్రోటాన్‌తోనూ నడవవు. వాటి యాంటీచీట్‌ లినక్స్‌ను ఒప్పుకోదు. అపెక్స్‌ లెజెండ్స్‌ కూడా 2024 అక్టోబరు చివర లినక్స్‌కు తలుపు మూసింది. స్నేహితులంతా వాటినే ఆడుతుంటే ఈ పరికరం కొనే ముందే ఆలోచించుకోండి.

బ్రౌజర్‌లో తెలుగు డబ్బాలుగా కనబడితే నోటో సాన్స్‌ తెలుగు ఫాంట్‌ దించి, ఫైల్‌ మీద రెండుసార్లు నొక్కి, ఇన్‌స్టాల్‌ అడిగినప్పుడు పర్సనల్‌ అన్నదే ఎంచుకోండి. హోమ్‌లో పడుతుంది, అక్కడే ఉండిపోతుంది. బయటి కీబోర్డు తగిలించేవాళ్లు సిస్టమ్‌ సెట్టింగ్స్‌లో కీబోర్డ్‌ లేఅవుట్లకు తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్‌ పద్ధతిలో టైప్‌ చేసుకోవచ్చు.

ప్లగిన్లు వేసే డెక్కీ లోడర్‌తో గేమింగ్‌ మోడ్‌ రూపం మార్చుకోవచ్చు, ఏ గేమ్‌ ఎంత బాగా నడుస్తుందో చెప్పే ప్రోటాన్‌డీబీ రేటింగులు గేమ్‌ పేజీలోనే చూడొచ్చు. దాన్ని వేసేటప్పుడు యూజర్‌ పాస్‌వర్డ్‌ అడుగుతుంది, ముందే పెట్టుకుంటే మేలు. అది మరిచిపోతే తిరిగి తెచ్చుకోవడం పెద్ద తలనొప్పి, ఎక్కడైనా రాసి పెట్టుకోండి. స్టీమ్‌ అప్‌డేట్‌ అయినప్పుడల్లా డెక్కీ తెగిపోయే అవకాశం ఉంది. డెస్క్‌టాప్‌కు వెళ్లి దాని ఇన్‌స్టాలర్‌ మళ్లీ నడిపితే ఎక్కువసార్లు కుదురుకుంటుంది. ప్లగిన్లు రెండు మూడుకు మించి వద్దు. ఏదైనా చెడినప్పుడు దొంగ ఎవరో పట్టుకోవడం తేలికవుతుంది.

ఎస్‌ఎస్‌డీ మార్చడం

కావాల్సింది 2230 సైజు ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ (లోపలి స్టోరేజ్‌ డ్రైవ్‌), అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల పొడవు. లాప్‌టాప్‌లలో వాడే 2280 ఇందులో పట్టదు. ఎల్‌సీడీ మోడల్‌ వెనక మూతకు సన్న ఫిలిప్స్‌ స్క్రూడ్రైవర్‌ కావాలి, ఓఎల్‌ఈడీకి టోర్క్స్‌ టీ6. వీటితో పాటు మూత విప్పడానికి పలుచటి ప్లాస్టిక్‌ ముక్క ఒకటి.

మొదటి పని మైక్రోఎస్‌డీ కార్డు బయటికి తీయడం. కార్డు లోపలుండగా మూత లాగితే కార్డు రెండు ముక్కలవుతుంది. ఇది ఎంతోమందికి జరిగింది. తర్వాత పూర్తిగా షట్‌డౌన్‌ చేసి, వాల్యూమ్‌ పెంచే బటన్‌తో పాటు పవర్‌ నొక్కి బయోస్‌కు (స్టీమ్‌ఓఎస్‌ కన్నా ముందు తెరుచుకునే సెటప్‌ మెనూకు) వెళ్లి, పవర్‌ సెక్షన్‌లో బ్యాటరీ స్టోరేజ్‌ మోడ్‌ ఎంచుకోండి. వెనక ఎనిమిది స్క్రూలు, పొడవువి నాలుగు, పొట్టివి నాలుగు. కాగితం మీద డెక్‌ ఆకారం గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో ఆ బొమ్మ మీదే పెట్టుకోండి. పొడవుది పొట్టిదాని చోట బిగిస్తే ప్లాస్టిక్‌ చీలుతుంది. మూత తీశాక లోహపు రేకు కనిపిస్తుంది. ఎల్‌సీడీ మోడల్‌లో దాని స్క్రూ ఒకటి వెండి టేపు కింద దాక్కుని ఉంటుంది. రేకు తీసి, అన్నిటికన్నా ముందు బ్యాటరీ కనెక్టర్‌ ఊడదీయండి. వైరు పట్టుకుని లాగకూడదు. అప్పుడు ఎస్‌ఎస్‌డీ స్క్రూ తీయండి, అది వాలుగా పైకి లేస్తుంది. పాతదాని చుట్టూ ఉన్న లోహపు తొడుగును జాగ్రత్తగా జార్చి కొత్తదానికి తొడగండి. వైఫై సిగ్నళ్లకు అడ్డు రాకుండా ఉండటానికే ఆ తొడుగు.

ఎల్‌సీడీ మోడల్‌లో స్క్రూలు నేరుగా ప్లాస్టిక్‌లో దిగుతాయి. తిరిగి బిగించేటప్పుడు ముందు ఎడమకు మెల్లగా తిప్పండి. పాత మరలోకి జారినట్టు చిన్న ‘టక్‌’ తెలుస్తుంది, అప్పుడు కుడికి తిప్పి, బిగువు తగలగానే ఆపండి. ఇలా చేయకపోతే రెండో మూడో సారికే మర అరిగి స్క్రూ ఊరికే తిరుగుతుంది.

అంతా మూశాక ఛార్జర్‌ పెడితేనే పరికరం మేల్కొంటుంది. కంగారుపడి మళ్లీ విప్పకండి. స్టీమ్‌ఓఎస్‌ రికవరీ ఇమేజ్‌ను 8 జీబీ, అంతకన్నా పెద్ద పెన్‌డ్రైవ్‌ మీద రూఫస్‌తోనో ఎచర్‌తోనో రాసి, సీ-పోర్ట్‌ హబ్‌ ద్వారా తగిలించండి. వాల్యూమ్‌ తగ్గించే బటన్‌ నొక్కి ఉంచి పవర్‌ నొక్కి, శబ్దం రాగానే వదిలితే బూట్‌ మెనూ వస్తుంది. యూఎస్‌బీని ఎంచుకుని, డెస్క్‌టాప్‌ తెరుచుకున్నాక, స్టీమ్‌ఓఎస్‌ను కొత్తగా వేసే రీఇమేజ్‌ నడపండి. ఇది డ్రైవ్‌ మొత్తం చెరిపేస్తుంది, హోమ్‌తో సహా. పాత డ్రైవ్‌లోని సేవ్‌లు, ఎమ్యులేటర్‌ ఫైళ్లు ముందే వేరేచోటికి తీసి ఉంచుకోండి.

అప్‌డేట్‌ తర్వాత తెర నల్లగా ఉంటే

వెంటనే రీఇమేజ్‌కు పోకండి. స్టీమ్‌ఓఎస్‌ రూట్‌ రెండు ప్రతులుగా ఉంటుంది, అప్‌డేట్‌ పడేది రెండోదాని మీద. పవర్‌ బటన్‌ పది పన్నెండు సెకన్లు నొక్కి పూర్తిగా ఆపేయండి. తర్వాత మూడు చుక్కల బటన్‌ నొక్కి ఉంచి పవర్‌ నొక్కితే పాత వెర్షన్‌ను ఎంచుకునే మెనూ వస్తుంది. దాంతో బూట్‌ అయితే గేములు, సేవ్‌లు ఎక్కడివక్కడే ఉంటాయి. అప్పుడు డెక్కీ తీసేసి, మళ్లీ అప్‌డేట్‌ చేసి చూడండి. పాత వెర్షన్‌ కూడా తెరుచుకోకపోతేనే పెన్‌డ్రైవ్‌ తీయండి.