తేలియాడే అణు రియాక్టర్‌కు నమూనా పరీక్ష ఎలా చేయాలి

నమూనా తయారీకి ముందే ఏ ప్రశ్నకు జవాబు కావాలో తేల్చుకోవాలి. రియాక్టర్‌ను మోసే బార్జి (చదునైన అడుగున్న పడవ) అలల మీద ఎంత ఊగుతుందన్నది ఒక ప్రశ్న. ఆ ఊగుడుకు రియాక్టర్‌ను చల్లబరిచే నీటి ప్రవాహం ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. రెండింటినీ ఒకే నమూనాతో తేల్చాలని చూస్తే రెండూ చెడతాయి.

మొదటి ప్రశ్నకు వేవ్ ట్యాంక్, అంటే యంత్రంతో అలలు పుట్టించే పెద్ద నీటి తొట్టి, కావాలి. అలల విషయంలో గురుత్వాకర్షణదే పెత్తనం కనుక ఫ్రౌడ్ సూత్రాన్ని పాటిస్తాం: పొడవు ఎన్ని రెట్లు తగ్గితే కాలం అందుకు వర్గమూలం రెట్లు, బరువు ఘనం రెట్లు తగ్గుతాయి. రష్యాలోని పెవెక్ రేవులో 2019 డిసెంబరులో గ్రిడ్‌కు విద్యుత్తు ఇవ్వడం మొదలుపెట్టిన తేలియాడే అణు విద్యుత్ కేంద్రం అకడమిక్ లొమొనొసోవ్‌నే తీసుకుందాం. 144 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు, సుమారు 21,500 టన్నుల బరువున్న దానికి 1:50 నమూనా చేస్తే పొడవు 2.88 మీటర్లు, వెడల్పు 60 సెంటీమీటర్లు, బరువు 172 కిలోలు వస్తాయి. ట్యాంకులో ఉన్నది మంచినీరైతే 168 కిలోలకు దించాలి. ఉప్పునీటి సాంద్రత మంచినీటికి సుమారు 1.025 రెట్లు కనుక, అలా దించకపోతే నమూనా అవసరానికి మించి మునుగుతుంది.

మొత్తం బరువు సరిపోతే చాలదు, అది ఎక్కడెక్కడ ఉందన్నదే అసలు పని. తెలిసిన బరువును అడ్డంగా జరిపి, ఎంత ఒరిగిందో కొలిచి గురుత్వ కేంద్రం ఎత్తును సరిచూడాలి. తరువాత నమూనాను ఒక పక్కకు నొక్కి వదిలేయాలి. అసలు బార్జి 14 సెకన్లకు ఒకసారి ఊగాల్సి ఉంటే నమూనా దాదాపు 2 సెకన్లకు ఊగాలి. గురుత్వ కేంద్రం సరిగానే ఉండి 1.7 సెకన్లే వస్తే నమూనాలో బరువు కోసం పెట్టిన దిమ్మలు మధ్యగీతకు మరీ దగ్గరగా ఉన్నాయని అర్థం, వాటిని పక్కలకు జరపాలి. సెన్సర్ల తీగలు బిర్రుగా ఉన్నా ఊగుడు త్వరగా అణగిపోతుంది. నా దృష్టిలో మొత్తం పరీక్షల్లో అతి విలువైనది ఈ నొక్కి వదిలే పరీక్షే. అయితే రేనాల్డ్స్ సంఖ్య (నీటి కదలిక జోరుకు, దాని జిగట రాపిడికి మధ్య నిష్పత్తి) నమూనాలో సుమారు 350 రెట్లు తక్కువ కనుక నీటి రాపిడి ప్రభావం అక్కడ ఎక్కువగా కనిపిస్తుంది. ఆ భాగాన్ని లెక్కకట్టి తీసివేయకపోతే అసలు బార్జి ఊగుడును తక్కువగా అంచనా వేసే ప్రమాదం ఉంది.

క్రమమైన అలలతో మొదలుపెట్టి, క్రమం లేని తుఫాను అలలకు వెళ్లాలి. మూడు గంటల తుఫాను ట్యాంకులో 25 నిమిషాలకే ముగుస్తుంది కనుక, అలల వరుసను మార్చి మార్చి చాలాసార్లు నడపడం కష్టమేమీ కాదు. రియాక్టర్ ఉండే చోట నమోదైన కోణాలను, త్వరణాలను ఉన్నవున్నట్టే తీసుకోవాలి. కాలాన్ని మాత్రం 50కి వర్గమూలమైన 7.07తో గుణించాలి.

రెండో ప్రశ్నకు, ఊగే బల్ల మీద, ఇంధన కడ్డీల బదులు విద్యుత్ హీటర్లతో నడిచే గొట్టాల వలయం కావాలి. పంపులు ఆగినప్పుడు వేడినీరు పైకి, చల్లనీరు కిందికి కదిలే సహజ ప్రసరణే ఇక్కడ పరీక్షకు నిలుస్తుంది. ఉష్ణోగ్రతల తేడాను అలాగే ఉంచి వలయం ఎత్తును నాలుగో వంతుకు తగ్గిస్తే కాలం సగమవుతుంది. అందుకే బల్లను ట్యాంకులో చూసిన 2 సెకన్లకు కాక, 14లో సగమైన 7 సెకన్లకు ఊపాలి. ప్రవాహం సగటు చూసి తృప్తిపడకుండా, ఒక్కో ఊపులో అది ఎంత కనిష్ఠానికి పడిందో, ఆ క్షణంలో హీటర్ల ఉపరితలం ఎంత వేడెక్కిందో రాసుకోవాలి. చివరగా, ఒక గదిలో నీరు చేరి బార్జి ఒరిగి నిలిచిపోయినట్లుగా బల్లను వంచి ఆపి, అదే కొలతలను మళ్లీ తీయాలి.